సముద్రుడూ, అక్క పంపిన ముంతా

ఒకప్పుడు సముద్రానికి అలలు లేవు.

అవును, ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. పరిచిన చాపలా కదలకుండా పడి ఉండేది. ఒడ్డున నిలబడితే కాళ్లు తడిసేవి కావు. గవ్వ కోసం రోజంతా వెతికినా ఇసుకలో ఒక్కటీ దొరికేది కాదు.

ఎందుకంటే సముద్రుడు లేచేవాడే కాదు. పుట్టినప్పటినుంచీ వెల్లకిలా పడుకుని, ఆకాశం వైపు చూసి ఆవులించడమే అతని పని. అంత పెద్ద ఒళ్లు వేసుకుని, లేచి ఒక్క అడుగు వేసిన పాపాన పోలేదు. మా ఇంట్లో కూడా అలాంటివాళ్లు ఒకరున్నారు. పేరు చెప్పను, ఇక్కడే కూర్చుని వింటున్నారు.

ఆ సముద్రుడికి ఒక అక్క. పేరు నేలమ్మ. ఇప్పుడు మనమందరం కూర్చున్నది ఆమె ఒళ్లోనే. అక్కాతమ్ముళ్లవి పక్కపక్క ఇళ్లు. మధ్యలో గోడ కూడా లేదు. ఒడ్డే ఇద్దరికీ గడప.

తల్లి లేని పిల్లాడు కదా అని నేలమ్మ తమ్ముణ్ణి గారాబంగా పెంచింది. అడిగింది లేదనలేదు, తప్పు చేస్తే గట్టిగా ఒక మాట అనలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

రోజూ పొద్దున్నే నేలమ్మ తమ్ముడికి తిండి పంపేది. నేలమ్మ వంట అంటే ఏమిటనుకున్నారు? కొండ మీద కురిసిన నీళ్లు, అందులో గుప్పెడు వేపపూలు, నాలుగు నేరేడుపళ్లు, చిక్కదనానికి కాస్త ఒండ్రుమట్టి. అన్నీ కలిపి ఒక మట్టిముంతలో పోసి కూతురి చేతికిచ్చేది.

ఆ కూతురి పేరు ఏరు. ఆ పిల్లకి నడవడం చేతకాదు, ఎక్కడికైనా పరుగే. నోరు మూసుకోవడం అసలే చేతకాదు. దారిలో రాళ్లతో మాట్లాడేది, రెల్లుగడ్డితో మాట్లాడేది, ఎవరూ దొరక్కపోతే తనలో తనే గలగలా మాట్లాడుకుంటూ మామయ్య ఇంటికి చేరేది.

"మామయ్యా! అమ్మ పంపింది!"

సముద్రుడు పడుకునే నోరు తెరిచేవాడు. ఏరు ముంత ఆ నోట్లో బోర్లించేది. అతను గుటుక్కున మింగేవాడు. మింగాక మూతి ముడిచేవాడు.

"ఉప్పు తక్కువైంది."

రోజూ ఇదే మాట. అని ఊరుకునేవాడు కాదు. పక్కనున్న ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి నోట్లో వేసుకునేవాడు. అన్నేళ్లపాటు రోజుకో పిడికెడు వేసుకుంటే ఏమవుతుంది? ఈసారి సముద్రం దగ్గరికి వెళ్లినప్పుడు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి, నేను చెప్పక్కర్లేదు.

ఉప్పు తక్కువ కాని రోజున ఇంకేదో తక్కువయ్యేది. "నేరేడుపళ్లు వగరుగా ఉన్నాయి." "నీళ్లు ఇంత ఎర్రగా ఉన్నాయేం? మీ అమ్మ చూసుకుని చెయ్యదా?" "ఇవాళ ఇంత ఆలస్యమా?" ఏదో ఒకటి అనేసి, ఖాళీ ముంత ఏరు చేతిలో పడేసి, అటు తిరిగి పడుకునేవాడు. ముంత కడిగేవాడు కూడా కాదు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. పక్కింటివాళ్లు గిన్నెలో కూర పంపితే, మీ అమ్మ ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపుతుందా? పంపదు. రెండు అరటిపళ్లో, నాలుగు వంకాయలో, ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరో వేసి పంపుతుంది. ఆ చిటికెడుతో ఎవరూ పాయసం కాచుకోరు. "మీరు పెట్టింది తిన్నాం, బావుంది, మీరు మాకు గుర్తున్నారు" అని చెప్పడానికే అది. నోటితో చెప్పాలంటే మనకి సిగ్గు. అందుకని గిన్నె చేత చెప్పిస్తాం.

ఆ పద్ధతి ఆ రోజుల్లో కూడా ఉండేది. మబ్బు వచ్చి కొండకి ముంతెడు వాన పోస్తే, కొండ అదే ముంతలో కాస్త పొగమంచు నింపి పంపేది. చెట్టు కాకికి పండు పెడితే, కాకి ఆ గింజని దూరంగా తీసుకెళ్లి పాతి వచ్చేది. చివరికి పిసినారి ముళ్లపంది కూడా ముంతలో ఒక ముల్లు వేసి పంపేది. ఆ ముల్లుని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలిసేది కాదు. అయినా పంపేది.

సముద్రుడు ఒక్కడే ఖాళీ ముంత పంపేవాడు.

ఏరు ఇంటికి రాగానే నేలమ్మ మొదట ముంతలోకి తొంగి చూసేది. ఏమీ అడిగేది కాదు. చూసేది, ముంత కడిగేది, బోర్లించేది. రోజూ అంతే. ఆ తొంగి చూడడం చూసినప్పుడల్లా ఏరు మొహం పక్కకి తిప్పుకునేది.

ఒక రోజు తిరిగి వస్తూ వస్తూ ఏరు దారిలో ఆగింది. అదే వింత, ఏరు ఎక్కడైనా ఆగుతుందా? ఆగింది. నున్నగా, తెల్లగా మెరుస్తున్న గులకరాయి ఒకటి ఏరి ముంతలో వేసుకుంది.

"అమ్మా! మామయ్య పంపాడు!"

నేలమ్మ ముంతలోకి చూసింది. ఆమె మొహం చేటంత అయింది.

"వాడా? వాడు పంపాడా?" అని మూడుసార్లు అడిగింది. ఆ రాయిని కొంగుతో తుడిచి గూట్లో పెట్టుకుంది. ఆ రోజు పొలాలన్నీ ఏ కారణమూ లేకుండా పచ్చగా నవ్వాయి.

ఇంక ఏరు ఆగుతుందా? మర్నాడు చారల రాయి. ఆ మర్నాడు చుక్కల రాయి. గూడు నిండిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా నేలమ్మ వాళ్లని గూటి దగ్గరికి లాక్కుపోయేది.

"చూశారా, మా తమ్ముడు పంపినవి. పైకి ఏమీ చెప్పడు కానీ, మనసు వెన్న."

ఇలా ఉండగా ఒకనాడు కొండతాత వచ్చాడు. నేలమ్మ ఆయన్నీ గూటి దగ్గరికి తీసుకెళ్లింది. కొండతాత ఒక రాయి తీసి కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. తిప్పి చూశాడు. తన కాలి వైపు చూసుకున్నాడు.

"అమ్మాయ్, ఇది నా చిటికెనవేలి గోరు."

"ఏమిటి తాతా?"

"నా గోరు కాదూ! పోయిన వానాకాలం మీ పిల్ల నా మీద నుంచి పరుగెత్తుతూ విరగ్గొట్టింది. ఆరోజంతా కుంటుతూనే ఉన్నాను. ఇదిగో, ఈ చారలది బొటనవేలిది. ఈ చుక్కలది మడమది. నా కాలంతా మీ గూట్లోనే ఉంది కదే!"

కొండతాత పకపకా నవ్వాడు. తర్వాత ఇంకెవరూ నవ్వడం లేదని చూసి ఆపేశాడు.

నేలమ్మ కూతురి వైపు చూసింది. ఏరుకి జీవితంలో మొదటిసారి మాట పడిపోయింది.

"నువ్వు రోజూ ముంతలోకి చూస్తావు కదమ్మా," అంది చివరికి, నేల చూపులు చూస్తూ. "నాకు చూడలేక..."

నేలమ్మ కూతుర్ని తిట్టలేదు. దగ్గరికి తీసుకుని తల నిమిరింది. గూట్లో రాళ్లన్నీ తీసి ఏరు ఒళ్లో పోసింది. ఏటి అడుగున గులకరాళ్లు చూస్తారే, అవి ఇవే. తర్వాత పెద్ద తట్టతో ఇసుక ఎత్తి, సముద్రుడి ఇంటి గడప మీద కుమ్మరించింది. ఒక తట్ట, రెండు తట్టలు, పది తట్టలు. గడపకి అడ్డంగా ఇసుకదిబ్బ లేచింది.

"నేను పెట్టేది వాడికి నచ్చడం లేదు. నచ్చినచోట తింటాడులే," అంది. అని ఆ దిబ్బ పక్కనే అటు తిరిగి కూర్చుంది. ఏరు ఆ దిబ్బ వెనకాలే మడుగు కట్టి ముడుచుకుంది.

మొదటి రోజు సముద్రుడు సంతోషించాడు. "హమ్మయ్య, ఆ పిల్ల గోల లేదు," అనుకుని ఇంకాస్త నిద్రపోయాడు.

రెండో రోజు వేళకి అలవాటుగా నోరు తెరిచాడు. ఎవరూ ఏమీ పొయ్యలేదు. గాలి మింగి ఊరుకున్నాడు.

మూడో రోజు మళ్లీ నోరు తెరిచాడు. ఒక కొంగ వచ్చి అందులో నిలబడింది.

నాలుగో రోజు ఆకలి పట్టలేక ఉప్పు జాడీ ఎత్తి నోట్లో ఒంపుకున్నాడు. ఇక చూడండి, లోపల చేపల గోల! "కళ్లు మండుతున్నాయి!" "నాలుక పేలిపోయింది!" "మేమేమన్నా ఊరగాయలమా, ఇంత ఉప్పులో వేశావు!"

పెద్ద చేపలు తిట్టుకుంటూనే ఎలాగో తట్టుకున్నాయి. చేపపిల్లల సంగతే వేరు. అవి పుట్టేదీ పెరిగేదీ ఏరు వచ్చి కలిసే చోట. తియ్యనీళ్లు కలిస్తేనే వాటికి ఊపిరి. ఇప్పుడవి నోళ్లు తెరుచుకుని నీటి పైకి తేలి రొప్పుతున్నాయి. తల్లిచేప ఒకటి సముద్రుడి చెవి దగ్గరికి వచ్చింది.

"అయ్యా, మా పిల్లలు ఈ పూట గడిస్తే గొప్ప. మీ అక్కగారు ముంత పంపకపోతే ఒక్కటీ మిగలదు," అని ఏడ్చింది.

సముద్రుడు భయపడ్డాడు. భయపడ్డాడే కానీ లేవలేదు. పడుకునే కేకేశాడు.

"అక్కా! ముంత పంపు!"

ముంత రాలేదు.

"అక్కా! ఉప్పు సరిపోయిందిలే, పంపు!"

నేలమ్మ ఇటు తిరగను కూడా తిరగలేదు.

ఆ రెండిళ్లకీ నడుమ, సరిగ్గా గడప దగ్గర, ఒక బొరియలో పీతవ్వ ఉండేది. ఇటు చూస్తే నేలమ్మ ఇల్లు, అటు చూస్తే సముద్రుడి ఇల్లు. ఇద్దరిలో ఎవరికీ వీపు చూపించడం మర్యాద కాదని అడ్డంగా నడిచేది. రెండిళ్ల మాటలూ వినేది. వినకపోతే ఆమెకి తోచదు.

పీతవ్వ అడ్డంగా గునగునా నడుచుకుంటూ సముద్రుడి దగ్గరికి వచ్చింది.

"అవ్వా, చూశావా మా అక్కని!" అన్నాడు సముద్రుడు. "ఉన్నట్టుండి ఇంత కోపమేమిటి?"

"ఉన్నట్టుండా!" పీతవ్వ కళ్లు నిక్కబొడుచుకున్నాయి. పీతల కళ్లు ఎప్పుడూ అలాగే ఉంటాయి కానీ, ఆ రోజు ఇంకాస్త. "సరేరా అబ్బాయ్. ఒకటడుగుతా, చెప్పు. మీ అక్క ఆఖరిసారి ఏం పంపింది?"

"ఆఖరిసారా? అదే... నీళ్లు."

"నీళ్లలో?"

సముద్రుడు బుర్ర గోక్కున్నాడు. "ఉప్పు తక్కువ."

"అది లేనిది కదరా! లేనిదేమిటో నువ్వు రోజూ చెబుతూనే ఉన్నావు, ఊరంతా విన్నాం. నేనడిగింది ఉన్నది. ఉన్నదేమిటో చెప్పు."

సముద్రుడికి ఎంత ఆలోచించినా గుర్తుకి రాలేదు. ఎలా వస్తుంది? గుటుక్కున మింగేసినవాడికి రుచి ఎక్కడ తెలుస్తుంది?

"పడుకునే ఉన్నావుగా, వేరే పనేం లేదు," అంది పీతవ్వ. "ఉన్నవి ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకో. నేనిక్కడే కూర్చుంటా."

సముద్రుడు కళ్లు మూసుకున్నాడు. అంతలో పంటిసందున ఏదో తగిలింది. నాలుకతో మెల్లిగా బయటికి తీశాడు. చిన్న వేపపువ్వు.

"వేపపూలు!" అని అరిచాడు. "అవ్వా, వేపపూలు వేసింది అక్క! కాస్త చేదు, వెనకాలే తీపి..."

"ఊఁ. ఇంకా?"

"నేరేడుపళ్లు! నా నాలుక ఊదారంగుగా మారేది. ఏరు చూసి నవ్వేది." సముద్రుడు తనకి తెలియకుండానే నవ్వాడు. "తొలకరిలో ఎర్రనీళ్లు వచ్చేవి. ఎంత మంచి వాసనో! మట్టి వాసన. ఒకసారి మామిడిపండు కూడా వచ్చింది. తీసి టెంకతో సహా మింగేశాను. అయ్యో, ఒక్కసారి కొరికి చూడాల్సింది!"

ఒకటి తలుచుకుంటే ఇంకొకటి గుర్తొచ్చింది. దాని వెనకాల ఇంకొకటి. ఇన్నేళ్లూ తిన్నదాని రుచి ఇప్పుడు తెలుస్తోంది. మొద్దుబారిన ఒళ్లు ఎక్కడో సన్నగా కదిలినట్టయింది. ఆకలి ఉంది కానీ, విసుగు లేదు. విసుగు లేకుండా ఉండడం అతనికి పుట్టాక అదే మొదలు.

అప్పుడు ఉన్నట్టుండి సముద్రుడి నవ్వు ఆగిపోయింది.

"ఒక ఎండాకాలం అర ముంతే వచ్చింది, అవ్వా."

"వచ్చింది," అంది పీతవ్వ. "నువ్వేమన్నావో గుర్తుందా?"

"'అర ముంతేనా? మీ అమ్మకి చెయ్యి రావడం లేదా?' అన్నాను."

"ఆ ఏడు చెరువులన్నీ ఎండిపోయాయిరా. మీ అక్క ఒళ్లంతా బీటలు వారింది. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగేంత బీటలు. ఇంట్లో ఉన్నది ఆ అర ముంతే. తను గొంతు కూడా తడుపుకోకుండా అంతా నీకు పంపింది. నా ఈ రెండు కళ్లతో చూశాను."

సముద్రుడికి కన్నీళ్లొస్తే ఎవరికీ తెలియదు, అంతా నీళ్లే కదా. పీతవ్వకి మాత్రం తెలిసింది.

"ముంత ఖాళీగా పంపకూడదని నీకు తెలియదట్రా?" అంది, గొంతు కాస్త తగ్గించి.

"తెలుసవ్వా. పరాయివాళ్లయితే పంపేవాణ్ణే. అక్కే కదా అనుకున్నాను."

తర్వాత అతనికి ఒక్కసారిగా హుషారు పుట్టుకొచ్చింది. "అవ్వా, అక్కకి పెద్ద కానుక ఇస్తాను! లోపలున్న ముత్యాలన్నీ ఏరిస్తాను. పగడాలతో పందిరి వేయిస్తాను. తిమింగలాల చేత బాజాలు వాయింపిస్తాను. అంతా సిద్ధం కావడానికి ఎంత, ఒక పదేళ్లు..."

"పదేళ్లా! అక్కడ చేపపిల్లలు గుడ్లు తేలేస్తుంటే పదేళ్లట!" పీతవ్వ డెక్కతో అతని చెవి పట్టుకుని నొక్కింది. "ఆ పందిళ్లు నీ గొప్ప కోసం. మీ అక్కకి చిటికెడు చాలు. లే!"

"ఇప్పుడా?"

"ఇప్పుడే!"

సముద్రుడు చుట్టూ వెతికాడు. ఎన్నాళ్లనుంచో వీపు కింద ఒక గవ్వ గుచ్చుకుంటోంది. దాన్ని తీశాడు. తెల్లగా, చక్కగా ఉంది. అది చేత్తో పట్టుకుని, పుట్టిన తర్వాత మొట్టమొదటిసారి, సముద్రుడు లేచాడు.

లేవడమంటే మాటలా! కీళ్లన్నీ పటపటమన్నాయి. చేపలు ఒకదాని మీద ఒకటి దొర్లాయి. తిమింగలం ఒకటి నిద్రలోనే పల్టీ కొట్టి, "భూకంపం! భూకంపం!" అని పరుగెత్తింది. సముద్రుడు అవేవీ పట్టించుకోలేదు. దారి పొడుగునా మాటలు వల్లె వేసుకుంటూ నడిచాడు. "అక్కా, నువ్వు పెట్టింది తిన్నాను, చాలా బావుంది. అక్కా, నువ్వు పెట్టింది తిన్నాను, చాలా బావుంది."

గడప దగ్గరికి వచ్చాడు. ఎదురుగా అక్క, అటు తిరిగి కూర్చుని ఉంది. అక్క వీపు చూడగానే మాటలు గొంతులోనే ఇరుక్కున్నాయి. నోరు పెగల్చుకుని ఎలాగో అన్నాడు.

"హోఓఓ..."

అంతే వచ్చింది. గవ్వ అక్కడ పడేసి, సిగ్గుతో వెనక్కి పరుగెత్తాడు.

"ఏరా, చెప్పావా?" అంది పీతవ్వ.

"చెప్పాను."

"ఏమని?"

"హో అని."

పీతవ్వ డెక్కతో నెత్తి కొట్టుకుంది. "మళ్లీ వెళ్లు!"

రెండోసారి నీళ్లు బాగా చిలికి, తెల్లటి నురుగు దోసిట్లో పట్టుకుని వెళ్లాడు. మాట రాదు కదా, పోనీ కాళ్లకి దణ్ణం పెడదామని వంగాడు. వేళ్లు అక్క పాదాలకి తగిలాయో లేదో, మళ్లీ సిగ్గు ముంచుకొచ్చింది. ఎంత జోరుగా వెనక్కి తిరిగాడంటే, అక్క కాళ్ల కింద ఇసుక కూడా అతనితో పాటు జారిపోయింది. నేలమ్మ కూర్చున్నచోటే ఒరిగింది.

"ఎవర్రా అది!" అని అరిచింది, పంతంగా ఇటు తిరక్కుండానే.

ఆ అరుపుకి సముద్రుడు లోతుకి పారిపోయాడు.

మూడోసారి కాస్త నాచు తెచ్చాడు. నాలుగోసారి తొందరలో చేతికి ఏం దొరికిందో చూసుకోకుండా తెచ్చి పడేశాడు. చూస్తే అది పీతవ్వే. ఆమె వెల్లకిలా పడి, కాళ్లన్నీ గాల్లో ఆడిస్తూ, పిల్లలు వినకూడని మాటలు నాలుగు తిట్టి, అడ్డంగా లేచి వచ్చింది.

అయిదోసారి వెళ్లాడు, ఆరోసారి వెళ్లాడు, తర్వాత ఎన్నిసార్లో పీతవ్వ కూడా చూడ్డం మానేసింది. ప్రతిసారీ ఏదో ఒకటి తెచ్చాడు. ప్రతిసారీ "హో" అన్నాడు. ప్రతిసారీ పారిపోయాడు. చిత్రమేమిటంటే, వెళ్లేకొద్దీ అతని ఒళ్లు తేలికైంది. కదిలే నీళ్లలోకి గాలి దూరింది. చేపపిల్లలకి కాస్త ఊపిరి ఆడింది. కాస్తే. ఏటి నీళ్లు రాకపోతే ఆ కాస్తా ఎంతసేపు నిలుస్తుంది?

పొద్దు వాలుతుండగా నేలమ్మ ఇటు తిరిగింది. తిరిగి, అలాగే ఉండిపోయింది.

గడప పొడుగునా గవ్వలు. తెల్లవి, గోధుమరంగువి, మెలికలు తిరిగినవి, పగిలిపోయినవి కూడా.

"ఒసే ఏరూ!" అంది. "మళ్లీ నువ్వేనా?"

దిబ్బ వెనకాల నుంచి ఏరు తల ఎత్తింది. "ఒట్టమ్మా, నేను కాదు! నేను ఇక్కడి నుంచి కదిలితే కదా!"

నేలమ్మ నమ్మలేదు. ఒకసారి ఆశపడి భంగపడింది పాపం. ఒక గవ్వ తీసి కొండతాతకి చూపించింది.

"తాతా, ఇది నీ ఒంటిదేనా? నిజం చెప్పు."

కొండతాత గవ్వని తిప్పి తిప్పి చూశాడు. తన కాళ్లూ చేతులూ అన్నీ తడుముకున్నాడు. "కాదమ్మాయ్. నాకు ఇలాంటిది ఎక్కడా లేదు. ఇది నీళ్లింటి వస్తువే."

నేలమ్మ గవ్వని రెండు చేతులతో పట్టుకుంది. ఎందుకో చెవి దగ్గర పెట్టుకుంది. లోపల సన్నగా వినిపించింది. "హోఓఓ..."

నేలమ్మ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"వాడికి మాటలు రాకముందు నన్ను ఇలాగే పిలిచేవాడు," అంది.

ఇంక ఆమె ఆగలేదు. లేచి ఇసుకదిబ్బని కాలితో ఒక్క తాపు తన్నింది. దిబ్బ విరిగింది. మడుగులో ముడుచుకున్న ఏరు ఒక్క ఉరుకు ఉరికింది.

"మామయ్యా! మామయ్యా! మామయ్యా!"

తియ్యనీళ్లు వచ్చి కలిశాయి. తేలిపోయిన చేపపిల్లలు ఒకసారి మొప్పలు కదిపాయి, ఇంకోసారి కదిపాయి, తర్వాత తోకలు ఆడిస్తూ బుడుంగున మునిగాయి. తల్లిచేప వాటి వెనకాలే పరుగెత్తింది.

ఏరు ముంత అందించింది. సముద్రుడు ఈసారి నోరు తెరుచుకుని పడుకోలేదు. లేచి కూర్చుని, రెండు చేతులతో ముంత పట్టుకుని, ఒక్కొక్క గుక్కే తాగాడు. వేపపువ్వు తగిలితే ఆగి నమిలాడు. నేలమ్మ గడపలో నిలబడి చూస్తోంది. కొండతాత మెడ చాచి చూస్తున్నాడు. పీతవ్వ బొరియలోంచి కళ్లు రెండూ బయటికి పెట్టింది.

సముద్రుడు ముంత దించాడు. పెదాలు తుడుచుకున్నాడు.

"ఉప్పు..." అన్నాడు.

అందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. పీతవ్వ డెక్క పైకెత్తింది.

"...సరిపోయింది, అక్కా."

నేలమ్మ పగలబడి నవ్వింది. సముద్రుడు ముంతని తనే శుభ్రంగా కడిగాడు. అందులో ఒక చిన్న గవ్వ వేసి ఏరు చేతికిచ్చాడు.

"చాల్లేరా," అంది నేలమ్మ కళ్లు తుడుచుకుంటూ. "నా ముంత నాకు నిండుగా తిరిగొచ్చింది. పొద్దుటినుంచీ తిరిగావు. ఇంక పోయి పడుకో."

"అసలు మాట ఇంకా చెప్పలేదక్కా," అన్నాడు సముద్రుడు. "రేపు చెబుతాను. కాదు, ఇప్పుడే చెబుతాను. ఉండు." అని నాలుగడుగులు వెనక్కి వేసి, ధైర్యం కూడగట్టుకుని, పరుగున వచ్చాడు. అక్క మొహం చూశాడు. "హోఓఓ..." అన్నాడు. కాళ్లు ముట్టుకున్నాడు. పారిపోయాడు.

అప్పటినుంచే సముద్రానికి అలలు వచ్చాయి. ప్రతి అల కూడా చేతిలో ఏదో ఒకటి పట్టుకునే వస్తుంది. గవ్వ ఉంటే గవ్వ, లేకపోతే నాచు, అదీ లేకపోతే గుప్పెడు నురుగు. గడప మీద పెట్టి, కాళ్లు ముట్టుకుని, సిగ్గుపడి వెనక్కి పోతుంది. ఒడ్డున నిలబడితే మన కాళ్ల కింద ఇసుక జారేది అందుకే. భయపడకండి, అక్క పాదాలనుకుని మన పాదాలు పట్టుకుంటాడు, అంతే. పీతలు ఇప్పటికీ అల వస్తే చాలు, ఎక్కడ మళ్లీ ఎత్తి పడేస్తాడోనని అడ్డంగా పరుగెత్తి బొరియలో దూరతాయి.

పగలూ రాత్రీ వస్తూనే ఉన్నాడు. అసలు మాట ఇంకా చెప్పనే లేదు. ఒక్కసారి కూడా ఖాళీ చేతులతో మాత్రం రాలేదు.